తుంటి మార్పిడికి ముందు ఎముక కొలత: ఫిల్మ్, డిజిటల్, సీటీల్లో ఎవరికి ఏది?

50 సైజు కప్పు (కృత్రిమ కీలు పై భాగం) పట్టే తుంటి గిన్నెకు, అంటే తొడ ఎముక తల కూర్చునే గుంటకు, ప్లానింగ్‌లో 56 వచ్చిందనుకోండి. సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ముందు, ఎక్స్‌రే తీసేటప్పుడు కొలత బంతి (నిజ పరిమాణం తెలియడానికి పెట్టే స్టీల్ బంతి) ఎక్కడ పెట్టారో అడగండి. చాలాసార్లు అది రోగి పక్కన, బల్ల మీదే ఉండి ఉంటుంది.

లెక్క ఇదీ. ట్యూబు ఫిల్మ్‌కి 100 సెం.మీ. ఎత్తులో ఉంది. రోగి వెల్లకిలా పడుకున్నప్పుడు తుంటి కీలు ఫిల్మ్‌కి 15 సెం.మీ. పైన ఉంది. అప్పుడు ఎముక నీడ 100ని 85తో భాగించినంత, అంటే 1.176 రెట్లు పెద్దదిగా పడుతుంది. ఫిల్మ్‌కి 5 సెం.మీ. పైన, బల్ల మీద ఉన్న బంతి నీడ మాత్రం 1.053 రెట్లే పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ బంతిని నమ్మి ఎముక కూడా అంతే పెరిగిందనుకుంటుంది. 50 మి.మీ. కాస్తా 55.9 అవుతుంది. అదే బంతిని తొడ పైన, ఫిల్మ్‌కి 22 సెం.మీ. ఎత్తులో పెడితే 45.9 వస్తుంది. కప్పులు 2 మి.మీ. తేడాతో వస్తాయి కాబట్టి మొదటిది మూడు సైజులు పెద్ద, రెండోది రెండు సైజులు చిన్న. ఏ పద్ధతి ఎంచుకోవాలన్న ప్రశ్నకు సగం జవాబు ఈ లెక్కలోనే ఉంది. మంచి పొజిషన్‌లో, బంతి సరైన ఎత్తులో పెట్టి తీసిన మామూలు ఎక్స్‌రే, అజాగ్రత్తగా తీసిన ఎక్స్‌రే మీద నడిపిన ఖరీదైన ప్రోగ్రామ్ కన్నా మేలు.

ఏం కొలుస్తాం, తప్పితే ఏమవుతుంది

కొలవాల్సినవి ఐదు: కప్పు వ్యాసం, స్టెమ్ (తొడ ఎముక లోపలికి దిగే కడ్డీ) సైజు, ఆఫ్‌సెట్, రెండు కాళ్ల పొడవు తేడా, తొడ ఎముక మెడను ఎక్కడ కోయాలన్నది. ఆఫ్‌సెట్ అంటే తొడ ఎముక తల కేంద్రం నుంచి తొడ ఎముక నడిమి గీతకు అడ్డంగా ఉన్న దూరం. పెద్దవాళ్లలో మామూలుగా 40 మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది. అది తగ్గితే తుంటి పక్క కండరాలు వదులై నడకలో ఒరిగిపోతారు, కీలు జారే ప్రమాదమూ పెరుగుతుంది. సిమెంట్ లేని స్టెమ్ ఒక సైజు చిన్నదైతే నెమ్మదిగా కిందికి దిగుతుంది. పెద్దదైతే సుత్తి దెబ్బకి ఎముక చీలుతుంది. కాలు పొడవు ఒక సెంటీమీటరు పెరిగినా రోగి లేచి నిలబడగానే గుర్తుపడతాడు.

చిన్న పట్టణాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. ఇంప్లాంట్ సెట్లు ఆస్పత్రిలో ఉండవు, డీలరు ఆపరేషన్ పూట తెస్తాడు. చిన్న కాయం ఉన్నవాళ్లకి 44 కప్పు కావాల్సి వస్తే, ముందు చెప్పకపోతే ఆ సైజు సెట్‌లో ఉంటుందన్న భరోసా లేదు. 44 కప్పు అంటే దానికి సరిపోయే లైనరు (కప్పు లోపలి పొర), దానిలో పట్టే చిన్న హెడ్ (స్టెమ్ కొన మీది బంతి) కూడా కావాలి. ఒక సైజు అటూ ఇటూగా తెలిసినా చాలు, ఆ పూట ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో ఫోన్లు చేసే పని తప్పుతుంది.

పాత పద్ధతి: ఫిల్మ్ మీద పారదర్శక టెంప్లేట్

కంపెనీ ఇచ్చే పారదర్శక షీటును ఫిల్మ్ మీద పరిచి, గిన్నెకూ కెనాల్‌కూ (తొడ ఎముక లోపలి బోలు) సరిపోయే బొమ్మను చూసుకోవడం. షీటు మీద 115 శాతమో 120 శాతమో అని రాసి ఉంటుంది. అంటే ఎముక అంత మేరకు పెద్దదిగా పడిందని ముందే ఊహించుకోవడం. సన్నగా ఉన్న మనిషి తుంటి ఫిల్మ్‌కి 12 సెం.మీ. పైనే ఉంటే ఆ గిన్నె 120 శాతం షీటు మీద 50కి బదులు 47గా కనిపిస్తుంది. స్థూలకాయుడికి 20 సెం.మీ. ఎత్తు ఉంటే అదే గిన్నె 52. మధ్యరకం మనిషికి 49. ఒకే గిన్నె, మూడు జవాబులు.

ఈ రోజుల్లో అంతకన్నా పెద్ద ఉచ్చు ప్రింటులో ఉంది. 14×17 అంగుళాల బొమ్మను ఫిల్మ్ ఆదా కోసం 11×14 మీద ప్రింట్ తీస్తే అది అసలు దానిలో 79 శాతానికి కుంచించుకుపోతుంది. ఒకే షీటు మీద రెండు బొమ్మలు సర్దితే ఇంకా తగ్గుతుంది. దాని మీద పారదర్శక టెంప్లేట్ పెడితే వచ్చే అంకెకు అర్థమే లేదు. ఫిల్మ్ అంచున పడే స్కేలు గీత కూడా చాలామందిని మోసం చేస్తుంది, అది డిటెక్టర్ దగ్గరి కొలతే తప్ప ఎముక దగ్గరిది కాదు. ఈ పద్ధతే వాడాలంటే నిజ పరిమాణంలో ప్రింట్ ఇమ్మని రాసి పంపండి, బొమ్మలో కొలత బంతి తప్పనిసరి చేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మీద ఏమీ కొలవకండి.

అయినా ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేం. నిష్పత్తులకు మాగ్నిఫికేషన్ (నీడ పెద్దదిగా పడటం) అంటదు. లెసర్ ట్రోకాంటర్‌కి (తొడ ఎముక పైభాగంలో లోపలి వైపున్న చిన్న గుబ్బ) 20 మి.మీ. పైన కెనాల్ వెడల్పును, కెనాల్ అన్నిటికన్నా సన్నగా ఉన్న చోటి వెడల్పుతో భాగించండి. 3 కన్నా తక్కువ వస్తే పైనా కిందా ఒకే వెడల్పున్న గొట్టం లాంటి ఎముక, 4.7 దాటితే గరాటు ఆకారం. 1988లో నోబుల్ బృందం ఇచ్చిన ఈ లెక్క ఏ ఫిల్మ్ మీదైనా చెల్లుతుంది. గొట్టం లాంటి ఎముకైతే సిమెంట్ స్టెమ్ గురించి ఆలోచించాలి. గరాటు అయితే కింది భాగం ముందే ఇరుక్కుపోయి, పైన వదులుగా మిగిలే ముప్పు ఉంది.

డిజిటల్ ఎక్స్‌రే, కొలత బంతి

ఎక్కువమందికి మేము సూచించేది ఇదే. కావాల్సినవి: తెలిసిన వ్యాసమున్న స్టీల్ బంతి (25 మి.మీ. లేదా 30 మి.మీ.), దాన్ని నిలబెట్టే వంగే కడ్డీ లేదా ఫోమ్ ముక్క, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో డైకామ్ ఫైలు (ఎక్స్‌రే అసలు డిజిటల్ ఫైలు), టెంప్లేటింగ్ ప్రోగ్రామ్. మెడిక్యాడ్, ట్రామాక్యాడ్, ఆర్థోవ్యూ ఈ పనికి పేరున్నవి. ఏది కొన్నా ముందు చూడాల్సింది ఒకటే: మీరు వాడే ఇంప్లాంట్ బొమ్మలు దాని లైబ్రరీలో ఉన్నాయా? విదేశీ కంపెనీలవి దొరికినంత తేలికగా మన దేశంలో తయారైనవి దొరకవు.

బంతి ఎత్తే అసలు విషయం. గ్రేటర్ ట్రోకాంటర్‌ను (తుంటి పక్కన చేతికి తగిలే పెద్ద గుబ్బ) చేత్తో తడిమి, దాని మందంలో సరిగ్గా మధ్య ఎత్తుకి బంతి కేంద్రం వచ్చేలా, రెండు తొడల మధ్య గానీ తుంటి పక్కన గానీ పెట్టాలి. ఎత్తులో ఒక సెంటీమీటరు తప్పితే 50 కప్పు మీద తేడా 0.6 మి.మీ., దాంతో సర్దుకోవచ్చు. 3 సెం.మీ. తప్పితే దాదాపు ఒక సైజు పోతుంది. ట్యూబును 120 సెం.మీ.కి జరిపితే అదే 3 సెం.మీ. తప్పు కాస్త తక్కువ నష్టం చేస్తుంది, 1.8 మి.మీ. బదులు 1.4. వీలున్న చోట జరపండి.

తుంటి పక్కన పెట్టే బంతి లావుగా ఉన్నవాళ్లలో బొమ్మ అంచుకి వెళ్లి సగం తెగిపోతుంది. మధ్యలో పెడదామంటే రోగికి ఇబ్బంది, టెక్నీషియన్‌కి మొహమాటం. ఈ మొహమాటం వల్లే బంతి మోకాళ్ల వైపు జారి, బల్లకి దగ్గరవుతుంది. రోగికి ముందుగా విషయం చెప్పి, ఆడవాళ్లకి ఆడ టెక్నీషియన్ చేత పెట్టిస్తే ఆ సమస్య ఉండదు.

బంతి లేదా? పది రూపాయల బిళ్ల వ్యాసం 27 మి.మీ. ఫోమ్ ముక్కకు టేపుతో అతికించి అదే ఎత్తులో పెట్టవచ్చు. బిళ్ల వంగితే నీడ కోడిగుడ్డులా పడుతుంది. అప్పుడు దాని అతి పొడవైన వ్యాసాన్ని కొలవండి, అదే నిజం. బంతి అయితే ఈ గొడవ ఉండదు కాబట్టి దీన్ని అత్యవసరానికే ఉంచుకోండి.

ఇంకో పొరపాటు ప్రోగ్రామ్ తెరవగానే జరుగుతుంది. డైకామ్ ఫైల్లోనే ఒక పిక్సెల్ కొలత ఉంటుంది కాబట్టి స్కేలు టూల్ వెంటనే మిల్లీమీటర్లు చూపిస్తుంది. అది డిటెక్టర్ తలం మీది కొలత. బంతి చుట్టూ వృత్తం గీసి, వ్యాసం టైప్ చేసి కాలిబ్రేట్ చేయకుండా చదివితే ప్రతి ఎముకా 15 నుంచి 20 శాతం పెద్దదిగా వస్తుంది.

కొందరికి బంతికన్నా మంచి కొలమానం ఒంట్లోనే ఉంటుంది. రెండో తుంటికి ఇప్పటికే మార్పిడి జరిగి ఉంటే, ఆ హెడ్ 28, 32, 36లో ఏదో పాత డిశ్చార్జ్ కాగితంలోని స్టిక్కర్ మీద ఉంటుంది. అది కీలు ఎత్తులోనే ఉంది కాబట్టి దాన్ని మించిన బంతి లేదు. స్టిక్కర్ లేకుండా కంటితో ఊహించకండి.

స్థూలకాయుల్లో ట్రోకాంటర్ చేతికి అందదు. అలాంటివాళ్లు ఎక్కువగా వచ్చే చోట రెండు భాగాల మార్కర్ కొనడం మంచిది. పిరుదుల కింద ఒక ప్యాడ్, పొట్ట మీద బంతుల వరుస పెట్టి, రెండింటి నీడల నుంచి మధ్యలో ఉన్న కీలు ఎంత పెరిగిందో ప్రోగ్రామ్ లెక్కగడుతుంది. కింగ్‌మార్క్ అన్నది ఈ రకమే. టెక్నీషియన్ చేతి నైపుణ్యం మీద ఆధారపడటం బాగా తగ్గుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు ఒంటి బంతి చాలు.

కాలు తిప్పడం మర్చిపోతే

మాగ్నిఫికేషన్ సరిగ్గా ఉన్నా ఆఫ్‌సెట్ తప్పవచ్చు. తొడ ఎముక మెడ సుమారు 15 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది. పాదాలను 15 డిగ్రీలు లోపలికి తిప్పితేనే అది ఫిల్మ్‌కి సమాంతరంగా వస్తుంది. ట్రోకాంటరూ కీలు కేంద్రమూ దాదాపు ఒకే ఎత్తుకి రావడం ఇంకో లాభం, బంతి కూడా సరైన చోట కూర్చుంటుంది. పాదం నిటారుగా వదిలేస్తే 44 మి.మీ. ఆఫ్‌సెట్ 42.5గా కనిపిస్తుంది. అది పర్వాలేదు. అరిగిపోయిన తుంటి బయటికి 30 డిగ్రీలు తిరిగి బిగుసుకుపోతే, 15తో కలిపి 45 డిగ్రీలు, 44 కాస్తా 31 అవుతుంది. దాన్ని నమ్మి స్టెమ్ ఎంచుకుంటే 13 మి.మీ. ఆఫ్‌సెట్ పోగొట్టుకున్నట్టే. పైగా కెనాల్ ఆకారం కూడా మారి కనిపిస్తుంది.

అలాంటప్పుడు బాగున్న వైపు కొలిచి, దాన్ని ఇటు వాడండి. రెండు వైపులా బిగుసుకుపోతే, కొలవాల్సిన వైపు పిరుదు కింద మెత్త పెట్టి, మెడ ఫిల్మ్‌కి సమాంతరం అయ్యేంత ఎత్తి ఇంకో బొమ్మ తీయించండి. మెడ విరిగినవాళ్లలో కాలు బలవంతంగా తిప్పకండి, రెండో వైపే దిక్కు.

మంచి బొమ్మను గుర్తుపట్టడం కష్టం కాదు. కిరణం మధ్య బిందువు జఘన సంధి (కటి ఎముకలు రెండూ ముందు వైపు కలిసే చోటు) మీద ఉండాలి, పొత్తికడుపు మీద కాదు. అప్పుడే స్టెమ్ చివరా దాని కింద ఇంకో రెండు సెంటీమీటర్ల కెనాలూ బొమ్మలోకి వస్తాయి. తోక ఎముక కొన జఘన సంధికి నేరుగా ఎదురుగా ఉండాలి, కటి ఎముకలో రెండు వైపుల ఉన్న రంధ్రాలూ ఒకే ఆకారంలో కనిపించాలి. లెసర్ ట్రోకాంటర్ బాగా పొడుచుకుని కనిపిస్తుంటే కాలు బయటికి తిరిగి ఉందని అర్థం. కాలు పొడవుకి రెండు టియర్‌డ్రాప్‌లను (గిన్నె అడుగున కన్నీటి చుక్కలా కనిపించే గుర్తులు) కలిపే గీత గీసి, అక్కడి నుంచి రెండు లెసర్ ట్రోకాంటర్ల దాకా కొలవండి. ఇక్కడ మాగ్నిఫికేషన్ పెద్దగా దెబ్బతీయదు, 10 మి.మీ. తేడా 11.8గా కనిపిస్తుందంతే. తొడలు రెండూ ఒకే కోణంలో లేకపోతే మాత్రం ఆ తేడా అంతా అబద్ధమే. అందుకే ఎక్స్‌రే అంకెను ఒంటరిగా నమ్మకండి. రోగిని నిలబెట్టి, పొట్టి కాలి కింద 5 మి.మీ. చెక్కలు ఒక్కొక్కటిగా పెడుతూ, కాళ్లు సమమయ్యాయని అతనికి ఎప్పుడు అనిపించిందో, కటి ఎప్పుడు సమమైందో రెండూ రాసుకోండి.

పక్క నుంచి తీసిన బొమ్మ కూడా కావాలి. తొడ ఎముక ముందుకి వంగి ఉంటుంది. ఎదుటి బొమ్మలో చక్కగా పట్టిన స్టెమ్ పక్క బొమ్మలో ముందు గోడకి గుచ్చుకోవచ్చు.

సీటీ ఎప్పుడు తప్పదు

సీటీలో మాగ్నిఫికేషన్ సమస్యే లేదు, కాలు ఎటు తిరిగినా కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. అయితే దాని అసలు బలం వేరే చోట ఉంది. గిన్నె ముందు గోడకీ వెనక గోడకీ మధ్య దూరాన్ని అది చూపిస్తుంది. ఎదుటి ఎక్స్‌రేలో కనిపించేది గిన్నె పై నుంచి కిందికి ఉన్న వెడల్పు మాత్రమే. కప్పు పట్టుకునేది ఎక్కువగా ముందు, వెనక గోడల మధ్యే. పుట్టుకతో సరిగ్గా ఏర్పడని తుంటిలో ఎక్స్‌రే 50 అంటే ఆ గోడల మధ్య 44కి మించి చోటు లేకపోవచ్చు. పెద్ద రీమర్ (గిన్నెను తొలిచే పనిముట్టు) వేస్తే ముందు గోడ పోతుంది. ఇలాంటి తుంటి ఎంత పక్కకు తప్పిందో చెప్పే 1979 నాటి క్రో వర్గీకరణలో మూడు, నాలుగు తరగతుల వాళ్లకి సీటీ లేకుండా మొదలుపెట్టవద్దని మా గట్టి మాట.

తీయించేటప్పుడు ముక్క మందం 1 మి.మీ. మించకూడదు. కటి పై అంచు నుంచి తొడ ఎముక నడిమి దాకా, ఆ తర్వాత మోకాలి గుబ్బల దగ్గర కొన్ని ముక్కలు ఉండాలి. మోకాలు లేకపోతే మెడ ఎంత ముందుకి తిరిగిందో కొలవలేం. రెండింటి మధ్య కాలు కదిలితే ఆ కోణం పనికిరాదు, పట్టీతో కట్టమనండి. మెత్తటి ఎముక అంచులు బోన్ విండోలోనే (ఎముక స్పష్టంగా కనిపించే తెర సెట్టింగ్) కొలవాలి. మృదులాస్థి సీటీలో కనిపించదన్నది గుర్తుంచుకోండి. ఖరీదైన ప్రోగ్రామ్ లేకపోయినా, మామూలు వ్యూయర్‌లో మూడు తలాలనూ సరిచేసుకుని గోడల మధ్య వ్యాసం కొలిస్తే సగం ప్రయోజనం దక్కుతుంది.

రేడియేషన్ ఎక్స్‌రేకి పలు రెట్లు, ఖర్చూ అంతే. రోబో సహాయంతో చేసే పద్ధతుల్లో కొన్నిటికి సీటీ ఎలాగూ కావాలి, ‘మాకో’ అనే రోబో అలాంటిదే. అక్కడ ప్లాన్ ఆ కంపెనీ ఇంప్లాంట్‌కే పనికొస్తుంది. ఆ ఇంప్లాంట్ మీ రోగి భరించగలడా అన్నది సీటీ రాయకముందే తేల్చుకోవాలి.

నిలబెట్టి ఎదుటి నుంచీ పక్క నుంచీ ఒకేసారి స్కాన్ చేసే ఈఓఎస్ యంత్రం ఇంకో దారి. 1992లో నోబెల్ అందుకున్న జార్జ్ షార్పాక్ డిటెక్టర్ల నుంచి పుట్టింది. డోసు తక్కువ, కాళ్ల పొడవు దాదాపు నిజ పరిమాణంలో తెలుస్తుంది. అన్ని ఊళ్లలో దొరకదు. వెన్ను బిగుసుకుపోయినవాళ్లకి కప్పు కోణం తేల్చడంలో దీని విలువ ఎక్కువ.

మన ప్రాంతపు ఎముకల విషయంలో రెండు మాటలు. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బులో తొడ ఎముక తల చచ్చిపోవడమే కాదు, కెనాల్ లోపల కూడా గట్టి ఎముక పేరుకుని దారి మూసుకుపోతుంది. ఎక్స్‌రేలో వెడల్పుగా కనిపించిన చోట బ్రోచ్ (స్టెమ్‌కి దారి చేసే ఆకురాయి లాంటి పనిముట్టు) దిగదు, పక్క గోడను చీల్చుకుని బయటికొస్తుంది. వీళ్లకి సీటీ తీయించండి, అతి చిన్న స్టెమ్‌లు, గైడ్ వైరు మీద వెళ్లే సన్న రీమర్లు, సీ-ఆర్మ్ (ఓటీలో వాడే ఎక్స్‌రే యంత్రం) సిద్ధంగా ఉంచండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరోసిస్ ఎముక ఇంకో రకం. 1937లోనే ప్రకాశం ప్రాంతంలో బయటపడ్డ జబ్బు ఇది. అక్కడ కొలత సరిగ్గానే వస్తుంది, ఎముకే సాగదు. మామూలుగా కప్పు కన్నా 1 లేదా 2 మి.మీ. చిన్నగా రీమ్ చేసి బిగిస్తాం. ఈ గట్టి ఎముకలో 2 మి.మీ. తక్కువ చేస్తే కప్పు అడుగుదాకా కూర్చోదు, బలంగా కొడితే గిన్నె అంచు పగులుతుంది. 1 మి.మీ. లేదా సమానంగా రీమ్ చేసి స్క్రూలు వేయడం మేలు.

ఓటీలో సరిచూసుకోవడం

ఏ పద్ధతి ఎంచుకున్నా వెర్నియర్ కాలిపర్ పక్కన ఉండాలి. బయటికి తీసిన తొడ ఎముక తలను రెండు మూడు దిశల్లో కొలవండి. చదునుగా అణిగిపోని తలైతే కప్పు దానికన్నా 4 నుంచి 6 మి.మీ. పెద్దది పడుతుంది. తల 44 ఉండి ప్లాన్ 56 అంటుంటే, రీమర్ ఆపి మళ్లీ చూడాలి. సగం మార్పిడి (కప్పు లేకుండా తొడ ఎముక తల ఒక్కటే మార్చడం) మాత్రమే చేసేవాళ్లకు ఈ కాలిపరే ప్రధాన కొలత. అక్కడ హెడ్ పెద్దదైతే గిన్నె అంచుల్లో ఇరుక్కుని నొప్పి, చిన్నదైతే ఒకే బిందువు మీద బరువు పడి గిన్నె అరుగుతుంది.

ప్లాన్‌లో లెసర్ ట్రోకాంటర్ నుంచి హెడ్ కేంద్రం దాకా ఉన్న దూరాన్ని రాసుకుని, ట్రయల్ (సరిచూసేందుకు పెట్టే తాత్కాలిక ఇంప్లాంట్) పెట్టాక స్టీల్ స్కేలుతో అదే దూరం చూడండి. ఖర్చు లేదు, కాలు ఏ భంగిమలో ఉన్నా మారదు. కటిలో పిన్ను గుచ్చి ట్రోకాంటర్ దాకా కొలిచే పద్ధతి మంచిదే గానీ, మొదటిసారీ రెండోసారీ కాలు ఒకే కోణంలో లేకపోతే అంకె మారిపోతుంది. తేడా వస్తే హెడ్ మార్చి సరిచేద్దామనుకునేటప్పుడు: 135 డిగ్రీల మెడ ఉన్న స్టెమ్‌కి 4 మి.మీ. పొడవైన హెడ్ వేస్తే కాలు పొడవు 2.8, ఆఫ్‌సెట్ కూడా 2.8 పెరుగుతాయి. 127 డిగ్రీల మెడకైతే పొడవు 2.4, ఆఫ్‌సెట్ 3.2. పొడవు పెంచకుండా ఆఫ్‌సెట్ ఒక్కటే కావాలంటే హై-ఆఫ్‌సెట్ స్టెమ్ కావాలి. అది డీలరుకి ముందురోజే చెప్పాల్సిన విషయం.

ఎంపిక

మామూలు అరుగుదల, రెండో వైపు బాగుంది, కెనాల్ తీరుగా ఉంది: బంతితో డిజిటల్ ఎక్స్‌రే చాలు. ఇలాంటివాళ్లకి సీటీ రాస్తే డబ్బు, రేడియేషన్ రెండూ దండగే. లావుగా ఉంటే రెండు భాగాల మార్కర్. రెండో వైపు ఇంప్లాంట్ ఉంటే దాని హెడ్. తుంటి పుట్టుకతో తప్పినా, పాత ఫ్రాక్చర్ వంకరగా అతుక్కున్నా, సికిల్‌సెల్ ఉన్నా, రెండు వైపులా కీళ్లు అతుక్కుపోయినా సీటీ. ప్రోగ్రామ్ కొనే స్తోమత లేని ఆస్పత్రికి ఫిల్మ్ మీద టెంప్లేటే గతైతే, బంతి, నిజ పరిమాణంలో ప్రింట్, కాలిపర్ ఈ మూడూ కలిపి వాడితే సాధారణ కేసులు నడుస్తాయి.

ప్రోగ్రామ్ మార్చాలా వద్దా అని తర్జనభర్జన పడే ముందు ఒక రిజిస్టర్ పెట్టండి. ఆపరేషన్ తర్వాత తీసే ఎక్స్‌రేలో 32 హెడ్ నీడ ఎంత వచ్చిందో కొలిస్తే ఆ మనిషికి నిజమైన మాగ్నిఫికేషన్ తెలిసిపోతుంది. పక్క గడిలో, అదే ట్యూబు దూరంలో ఆపరేషన్‌కి ముందు బంతి చెప్పినది రాయండి. బంతి అంకె ప్రతిసారీ తక్కువ వస్తుంటే దాన్ని కిందికి పెడుతున్నారు, ఎక్కువ వస్తుంటే పైకి. ముప్పై మంది లెక్క పూర్తయ్యేసరికి ఆ రిజిస్టర్‌ను ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ ముందు పెట్టి, బంతి స్టాండు ఎత్తు ఎంత మార్చాలో సెంటీమీటర్లలో చెప్పవచ్చు.